ఒంట్లోని కొవ్వు వైరల్ జ్వరానికి కవచం కాదు

వానలు మొదలైనప్పటి నుంచి తిరుపతిలో ఒక వాట్సాప్ సందేశం ఇంటింటికీ చేరుతోంది. కొవ్వు నిల్వ ఉన్నవాళ్లు వైరల్ జ్వరంతో ఆసుపత్రిలో చేరినా తట్టుకుంటారనీ, భయమంతా బక్కవాళ్లకేననీ, ఇది పరిశోధనల్లో తేలిన సంగతేననీ దాని సారాంశం. మా వీధిలో ఒక పెద్దమ్మ దాన్ని నమ్మి, ఆయాసపడుతున్న భారీకాయుడైన కొడుకును మూడు రోజులు మిరియాల కషాయంతోనే ఇంట్లో ఉంచింది. అందుకే జవాబు చెప్పక తప్పదు.

కొవ్వు ఆపత్కాలపు నిల్వ అన్నది మొదటి వాదన. అయితే అది గాదెలో ధాన్యంలా ఊరికే పడి ఉండదు. పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వు వాపును రేపే రసాయనాలను నిత్యం రక్తంలోకి వదులుతూ ఉంటుంది. పైగా మనిషి వెల్లకిలా పడుకున్నప్పుడు బరువైన పొట్ట ఉదరవితానాన్ని (ఛాతీకీ పొట్టకీ నడుమ ఉండే, ఊపిరికి తోడ్పడే కండరాన్ని) పైకి నెట్టి, ఊపిరితిత్తుల అడుగుభాగాన్ని పూర్తిగా విచ్చుకోనివ్వదు. దానికి న్యుమోనియా తోడైతే ఆక్సిజన్ త్వరగా పడిపోతుంది. అలాంటి రోగికి ఊపిరి మెరుగుపడేలా బోర్లా తిప్పాలంటే మామూలుకంటే ఎక్కువమంది చేతులు కావాలి, ఒకరు శ్వాసగొట్టం జారకుండా పట్టుకొనే ఉండాలి.

2009 నాటి స్వైన్‌ఫ్లూలోనే ఈ ప్రమాదం బయటపడింది. కోవిడ్ కాలంలో, 2021 మార్చిలో అమెరికా వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ ప్రకటించిన విశ్లేషణలో, ఆసుపత్రుల్లో చేరిన వయోజనుల్లో సుమారు సగం మంది స్థూలకాయులే. బరువు పెరిగేకొద్దీ మరణ ప్రమాదమూ పెరిగింది, 65 ఏళ్ల లోపువారిలో మరింత స్పష్టంగా.

పరిశోధనల మాట పూర్తిగా కల్పితం కాదు, అందుకే అది ఎక్కువ మోసం చేస్తోంది. న్యుమోనియాతో చేరినవారిలో స్థూలకాయుల మరణాలు తక్కువని కొన్ని అధ్యయనాలు చూపిన మాట నిజం. కానీ బక్కవారి లెక్కలో క్యాన్సర్, క్షయ, పాత ఊపిరితిత్తుల జబ్బులతో చిక్కిపోయినవాళ్లూ కలిసి ఉంటారు; స్థూలకాయులనేమో వైద్యులు ముందుజాగ్రత్తగా, జబ్బు ముదరకముందే చేర్చుకుంటారు. ఇలా చేరినవాళ్లను మాత్రమే పోల్చి కొవ్వు కాపాడిందనడం సరికాదు.

బక్కవారికీ ప్రమాదం ఉందన్నది నిజమే. అంతమాత్రాన లావువారికి లేనట్టు కాదు.

మన ప్రాంతంలో ఏటా వచ్చే డెంగీలోనూ స్థూలకాయాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆసుపత్రిలో చేర్చవలసిన కారణాల్లో ఒకటిగా చెప్పింది. సెలైన్‌ను కూడా అసలు బరువును బట్టి కాక, ఎత్తుకు తగిన బరువును బట్టి లెక్కిస్తారు, ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది గనుక.

'మేమంత లావు కాదులే' అనేవారికి ఒక లెక్క: భారతీయులకు బీఎంఐ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే సంఖ్య) 25 నుంచే స్థూలకాయంగా ఎంచుతారు. అయిదడుగుల అయిదంగుళాల మనిషి 70 కిలోలు తూగితే ఆ గీత దాటినట్టే. బరువు సరిగానే ఉన్నా నడుము మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు మించితే, జ్వరంతో డాక్టరు దగ్గరికి వెళ్లిన రోజే ఆ సంగతి చెప్పండి.