వాదన వేడెక్కితే విషయం మార్చేయడమేనా?

తరగతిలో వాదనలు చెలరేగితే అధ్యాపకులు ఏం చేయాలో చెప్పే ఒక వ్యాసం చదివాను. వాదన ముదరగానే అధ్యాపకుడు విషయం మార్చి పాఠంలోకి వెళ్లిపోవాలన్న ఆ వ్యాసకర్త సలహా నాకు మింగుడుపడలేదు. ఒక విద్యార్థి ఏదో ఒక వర్గాన్ని కించపరిచే మాట అన్నాడనుకోండి. మనం వినీ విననట్టు పేజీ తిప్పేస్తే, ఆ మాట మనకూ సమ్మతమేనని ఆ వర్గం పిల్లలు అనుకోరా? అలాగని అన్నవాడిని అక్కడికక్కడే కడిగేస్తే వాడు మొండికేస్తాడు, మిగిలినవాళ్లు నోరు విప్పడమే మానేస్తారు.

నేనూ డిగ్రీ విద్యార్థులకు పాఠాలు చెబుతాను. అలాంటప్పుడు అందరినీ ఆపి, మనసులో ఉన్నది పేరు లేకుండా కాగితం మీద రాయమంటాను. గొంతులు తగ్గుతాయి, నాకూ ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది. ఆ తర్వాత ఆ మాట అన్న విద్యార్థికి అతని మాటనే తిరిగి చెప్పి, 'నువ్వన్నది ఇదేనా?' అని అడిగి ఆగుతాను. చాలాసార్లు 'అలా కాదండీ' అంటూ తనే సర్దుకుంటాడు. ఆ ఆగడమే కష్టం. ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకనే ఆగుతారని, మూడు సెకన్లు ఆగితే జవాబుల్లో ఆలోచన పెరుగుతుందని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే గమనించారు.

వ్యాసంలో నన్ను ఆశ్చర్యపరిచింది మరొకటి: ఆ వర్గానికి చెందిన విద్యార్థినే లేపి 'మీ వాళ్ల అభిప్రాయం చెప్పు' అనడం మంచి పద్ధతట! తన వాళ్లందరి తరఫున వకాల్తా పుచ్చుకోవడానికా ఆ పిల్ల కాలేజీకి వచ్చింది? వాదన ఆ రోజు తేలకపోతే మరుసటి క్లాసులో మళ్లీ ఎత్తుకోవచ్చు. గంట కొట్టేలోపు తీర్పు చెప్పి తీరాలని ఎవరూ అడగలేదు.