శాతం కాదు, మిగిలిన రోజులు చెప్పండి

మీ పల్లె హైస్కూల్లో అర్ధసంవత్సర పరీక్షల నాటికి హాజరు పడిపోయిందని, పిల్లల్ని బడికి రప్పించడం ఎలాగని మీరు రాశారు. ఏడాదికి 220 పనిదినాలనుకుంటే, ఉండాల్సిన 75 శాతం హాజరు అంటే 165 రోజులు. నూరు రోజులయ్యేసరికి 60 రోజులే వచ్చిన పిల్ల మిగిలిన 120లో 105 రోజులు రావాలి. మధ్యలో జ్వరమొస్తే అంతే సంగతులు. అందుకే రిజిస్టరులో నెలాఖరు కూడిక పక్కనే ఇంకా ఎన్ని రోజులు రావాలో పెన్సిల్‌తో రాసి, ఇంట్లోవాళ్లకు ఆ అంకే చెప్పండి.

కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి వైపు కుటుంబాలు మిరపకాయ కోతలకు గుంటూరు వెళ్తే పిల్లలూ వెంట పోతారు. పెద్దలు వలస వెళ్లిన నెలల్లో పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునే సీజనల్ హాస్టల్‌ను వలసకు ముందే తెరవాలి, వాళ్లు బండెక్కాక తెరిస్తే గదులు ఖాళీయే. మధ్యాహ్నం హాజరూ తప్పక వేయాలి, అన్నం తిని పత్తిచేలకు వెళ్లేవాళ్లు అప్పుడే బయటపడతారు.