తాళం వేసింది సిలికాన్‌కి కాదు, ధరకి

చవక ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేయడం, అంటే కంపెనీ పెట్టిన వేగం కన్నా ఎక్కువగా నడపడం, కుర్రాళ్ల సరదా అని కొట్టిపారేసేవాళ్లు 1998 ఆగస్టు 24ని ఒకసారి గుర్తు తెచ్చుకోవాలి. ఆ రోజు ఇంటెల్ విడుదల చేసిన చిప్పుల్లో 450 మెగాహెర్ట్జ్ పెంటియం 2 టోకు ధర 669 డాలర్లు, 300 మెగాహెర్ట్జ్ సెలరాన్ 300ఏ ధర 149. చిప్ వేగమంటే బస్ (బోర్డుతో మాట్లాడే దారి) వేగాన్ని మల్టిప్లయర్ అనే అంకెతో గుణిస్తే వచ్చేది. సెలరాన్ మల్టిప్లయర్‌ని 4.5 దగ్గర బిగించేశారు, తాళమంటే అదే; బస్ వేగం 66 మెగాహెర్ట్జ్. ఆ బస్‌ని 100కి మారిస్తే లెక్క సరిగ్గా 450! మదర్‌బోర్డులో ఆ సెట్టింగ్ లేకపోతే చిప్ ఉండే కార్ట్రిడ్జ్ అంచున ఉన్న బీ21 పిన్ను మీద చిన్న టేపు ముక్క అంటిస్తే చాలు, బోర్డు దాన్ని 100 బస్ చిప్ అనుకునేది. మొండికేస్తే వోల్టేజీ 2.0 నుంచి 2.2కి. 520 డాలర్ల తేడాని ఒక టేపు ముక్క మింగేసింది.

కంపెనీకి ఆ దెబ్బ గుర్తుండిపోయింది. మల్టిప్లయర్ తాళం తీసి అమ్మిన చవక చిప్ 2014లో పెంటియం జీ3258 రూపంలో వచ్చింది, అదీ పెంటియం 20వ వార్షికోత్సవ కానుకగా. పండగకి తెరిచే తలుపన్నమాట.

ఇంటెల్‌దే మరో చవక చిప్ ఐ3-6100 సంగతి ఇంకా స్పష్టం. 3.7 గిగాహెర్ట్జ్, మల్టిప్లయర్ 37. 2015 చివర్లో కొన్ని జెడ్170 రకం మదర్‌బోర్డులకి బేస్ క్లాక్ (పాత బస్ వేగం లాంటిదే, మామూలుగా 100) పెంచుకునే బయోస్‌లు, అంటే బోర్డుని నడిపే సాఫ్ట్‌వేర్లు, వచ్చాయి. 100ని 120 చేస్తే 4.44. ఊరికే రాలేదు లెండి. లోపలి గ్రాఫిక్స్ పనిచేయదు, ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు ఆదా చేసే సీ-స్టేట్లు పోతాయి, కోర్ ఉష్ణోగ్రత తప్పుగా చూపిస్తుంది, ఏవీఎక్స్ (ఒకేసారి చాలా లెక్కలు చేసే ఆదేశాల) పనులు నత్తనడక నడుస్తాయి. బేస్ క్లాక్‌తో పాటే ర్యామ్ వేగమూ పెరుగుతుంది కాబట్టి ర్యామ్ రేషియోని (బేస్ క్లాక్‌కి ర్యామ్ ఎన్ని రెట్లో చెప్పే సెట్టింగుని) ముందే దించుకోవాలి. మర్చిపోతే తెర వెలగదు, సీమాస్ క్లియర్ చేసుకోవాల్సిందే, అంటే బోర్డు సెట్టింగులన్నీ మళ్లీ మొదటికి. ఇన్ని తిప్పలున్నా జనం ఎగబడ్డారు. 2016 ఫిబ్రవరికల్లా కొత్త మైక్రోకోడ్‌తో (బయోస్ ద్వారా చిప్‌లోకి ఎక్కించే కోడ్‌తో) ఆ దారి మూసేశారు. జనవరిలో 4.44 దగ్గర నడిచిన చిప్పే అది, సిలికాన్‌లో వచ్చిన మార్పేమీ లేదు.

తాళానికి ఒకప్పుడు న్యాయమైన కారణమే ఉంది. 90లలో దొంగ వ్యాపారులు తక్కువ చిప్ మీద ముద్ర చెరిపి, ఎక్కువ వేగం ముద్ర కొట్టి అమ్మేవారు. కానీ ఈనాటి చిప్ తన మోడల్ పేరు తానే చెబుతుంది, మల్టిప్లయర్ మార్చినా ఆ పేరు మారదు. వారంటీ పోతుందంటారా, పోనివ్వండి, అది కొన్నవాడి నిర్ణయం.

తాళం లేనిచోట ఏం చేయొచ్చో ఇంటెల్ పోటీదారు ఏఎండీ చిప్ రైజెన్ 5 5600 చూపిస్తుంది. దీనికి గిగాహెర్ట్జ్‌ని ఒక అంకె దగ్గర బిగించడం పాత పద్ధతి. బయోస్‌లో పీబీవో (చిప్ తన వేగాన్ని తానే పెంచుకునే హద్దుల సెట్టింగు) అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి గరిష్ఠ బూస్ట్‌కి 200 మెగాహెర్ట్జ్ కలిపి, వోల్టేజీ తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్‌లో అన్ని కోర్లకీ మైనస్ 10 పెట్టండి. నిలబడితే ఐదేసి చొప్పున దించుకుంటూ పోండి, మైనస్ 30 ఆఖరు. ఒక్కో అంకెకి సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు తగ్గుతాయి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే: అన్ని కోర్లనీ పరీక్షించే సినీబెంచ్ గంటసేపు నడిస్తే గెలిచామనుకుంటారు. మర్నాడు బ్రౌజర్ తెరిచి ఊరికే కూర్చుంటే సిస్టమ్ దానంతటదే రీస్టార్ట్. ఎందుకంటే అన్ని కోర్లూ పనిచేసేటప్పుడు వేగం తక్కువే, ఒకటే కోర్ పనిచేసేటప్పుడు అది కొమ్మ చివరికి ఎక్కుతుంది, తగ్గించిన వోల్టేజీ అక్కడ చాలదు. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో హార్డ్‌వేర్ తప్పుని నమోదు చేసే వీయా లాగర్ (WHEA-Logger) 18 కనిపిస్తే ఏ కోర్ పడిందో అందులోనే ఉంటుంది. ఆ ఒక్కదానికి ఐదు వెనక్కిచ్చి, ఒక్కో కోర్‌నీ విడిగా పరీక్షించే కోర్‌సైక్లర్‌ని రాత్రంతా వదలండి. డిసెంబరులో పాసైన సెట్టింగుని మే నెల మధ్యాహ్నం మళ్లీ చూసుకోవాలి. గదిలో 40 డిగ్రీలుంటే, ఎంత పెద్ద కూలర్ అయినా చిప్‌ని అంతకన్నా చల్లబరచలేదు, 5600 హద్దు 90 డిగ్రీలు.

ఇదే చిప్‌ని బీ550 మదర్‌బోర్డు నుంచి తీసి, చవకైన ఏ520 బోర్డులో పెట్టండి. ఓవర్‌క్లాకింగ్‌కి ఏఎండీ అనుమతి లేదు. తాళం లేని కంపెనీ అని పేరున్నచోటే ఇదీ వరస.

అసలు ప్రశ్న ప్రాసెసర్‌ని దాటిపోయింది. 2010లో ఇంటెల్ పెంటియం జీ6951 అమ్మింది. చిప్ లోపల హైపర్ థ్రెడింగ్ (ఒక్కో కోర్ రెండు పనులు చేసే సౌకర్యం), మరికొంత క్యాష్ (చిప్‌లోనే ఉండే వేగమైన మెమరీ) ఉన్నాయి, కానీ ఆపేసి ఉన్నాయి. 50 డాలర్ల కార్డు కొని, దాని మీది కోడ్ కొడితే తెరుచుకునేవి. అంటే వస్తువు మన టేబుల్ మీద, తాళంచెవి వాళ్ల జేబులో. గగ్గోలు పుట్టి ఆ పథకం ఆగింది గానీ, అదే ఆలోచన 2023లో జియాన్ సర్వర్ చిప్పుల్లో ‘ఆన్ డిమాండ్’ పేరుతో తిరిగొచ్చింది.

2019 వినియోగదారుల రక్షణ చట్టం వస్తువు నాణ్యత, పరిమాణం, సామర్థ్యం తెలుసుకునే హక్కు కొనేవాడికి ఇచ్చింది. అలాంటప్పుడు ప్రాసెసర్ డబ్బా మీద గిగాహెర్ట్జ్ ఎంత లావు అక్షరాల్లో ఉందో, ‘మల్టిప్లయర్‌కి తాళం ఉంది’ అన్న ముక్కా అంతే లావుగా ఉండాలి. మదర్‌బోర్డు డబ్బా మీద కూడా.