ఎంట్రీ పడింది సరే, బీపీ చూశారా?

మొన్న వేసవిలో మా పెద్దమ్మను విజయవాడలో ఒక పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. ఆవిడకు డెబ్బై నాలుగేళ్లు. పదిహేనేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటోంది. గుమ్మం దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఓపీ టోకెన్ ఫోన్‌లోకే వచ్చేసింది. ఒకప్పుడు గంటన్నర నిలబడే లైను పది నిమిషాల్లో తేలిపోయింది. అంతవరకూ భేష్.

లోపల ఒక హౌస్ సర్జన్ అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. మా వెనక ముప్పై మంది. పేరు, వయసు, ఏం బాధ అని అడుగుతూ టకటకా కొట్టేస్తోంది. బీపీ గడి దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగి, 120/80 అని కొట్టి ముందుకెళ్లిపోయింది. బీపీ మిషను పక్క టేబుల్ మీదే ఉంది. పట్టీ మడత కూడా విప్పలేదు.

"బీపీ చూడలేదు కదమ్మా" అన్నాను. ఆ పిల్ల కంగారు పడిపోయింది. "సారీ అంకుల్, అది నింపకపోతే తర్వాతి పేజీకి వెళ్లనివ్వదు" అంది. అప్పుడు పట్టీ చుట్టి చూస్తే 168/94.

ఆ అమ్మాయిని తప్పుపట్టడానికి ఇదంతా రాయడం లేదు. నాలుగున్నరేళ్ల చదువులో బీపీ ఎలా చూడాలో ఆమెకు బాగానే నేర్పారు. కంప్యూటర్లో గడులు ఎలా నింపాలో ఎవరో సీనియర్ అయిదు నిమిషాల్లో చూపించి ఉంటారు. తను కొట్టిన అంకె ఆ గదిలోనే ఆగిపోదన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పి ఉండరు. ఒక మనిషి ఆరోగ్య రికార్డులన్నిటినీ కలిపే ఆభా నంబరుకు జతపడితే ఆ 120/80 మా పెద్దమ్మ వెంటే తిరుగుతుంది. రేపు గుంటూరులో ఇంకో డాక్టరు తెరిచి చూసి, కంట్రోల్లోనే ఉంది కదా అని మాత్ర మోతాదు తగ్గించవచ్చు. జిల్లా లెక్కల్లో 'బీపీ అదుపులో ఉన్నవారు' అన్న వరసలో ఆవిడా ఒకరవుతుంది. ఎప్పుడో ఒకనాడు ఏదో ఏఐ ప్రోగ్రామ్‌కు ఆ అంకే పాఠం కావచ్చు కూడా. కాగితం మీద రాసిన అబద్ధమైతే కేస్ షీటుతో పాటు రికార్డు రూములో దుమ్ము పట్టి పడి ఉండేది. కంప్యూటర్లోకి ఎక్కిన అబద్ధానికి కాళ్లొస్తాయి.

డిజిటల్ కాలానికి తగ్గట్టు డాక్టర్లను, నర్సులను తయారు చేయాలని ఇప్పుడు ప్రతి వేదిక మీదా వింటున్నాం. తయారీ అంటే మన దగ్గర జరిగేది ఏమిటో అందరికీ తెలుసు. ఏసీ గదిలో యాభై కంప్యూటర్లు, ఒక రిబ్బన్ కటింగ్, రెండు రోజుల వర్క్‌షాప్, చివర్లో సర్టిఫికెట్, గ్రూప్ ఫొటో. ఇరవై ఏళ్ల పిల్లలకు యాప్ వాడటం మనం నేర్పాలా? వాళ్లే మనకు నేర్పుతారు. వాళ్లకు రానిది తెర మీద కనబడే అంకెను అనుమానించడం. అది ఎక్కడ పుట్టింది, ఎవరు కొట్టారు, ఎంత హడావుడిలో కొట్టారు, కొట్టకపోతే ఏమయ్యేది అని అడగడం.

దీనికి పెద్ద ల్యాబ్ కూడా అక్కర్లేదు. ఏదైనా ఒక ఆరోగ్య కేంద్రంలో నెల రోజుల బీపీ ఎంట్రీలను పేర్లు తీసేసి విద్యార్థుల ముందు పెట్టండి. చివరి అంకెలు మాత్రమే లెక్కపెట్టమనండి. పాదరసం బీపీ మిషను మీద గీతలు రెండేసి పాయింట్లకు ఒకటి ఉంటాయి. దానితో నిజంగా చూసి రాస్తే చివరి అంకె 0, 2, 4, 6, 8లలో ఏదైనా కావచ్చు, అయిదూ ఇంచుమించు సమానంగా పడాలి. డిజిటల్ మిషనైతే పది అంకెలూ సమానంగా రావాలి. అలాకాక నూటికి ఎనభై సున్నాలే కనిపిస్తే, 120, 130, 140 తప్ప మరో అంకె లేకపోతే, అక్కడ పట్టీ ఎన్నిసార్లు విప్పారో ఎవరూ చెప్పనక్కర్లేదు. గంటలో అయిపోయే పాఠం. ఒక్కసారి తన చేత్తో లెక్కపెట్టిన పిల్ల రేపు తానే ఆ గడి ముందు కూర్చున్నప్పుడు 120/80 అని కొట్టడానికి కొంచెమైనా జంకుతుంది.

అంకె మిషనే ఇచ్చినా అనుమానం అవసరమే. కోవిడ్‌లో ప్రతి ఇంట్లో వేలికి తగిలించుకున్న ఆక్సీమీటర్ సంగతే తీసుకోండి. 2020 డిసెంబరులో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. మీటర్ 92 నుంచి 96 మధ్య చూపించిన నల్లజాతి రోగుల్లో 11.7 శాతం మందికి రక్త పరీక్షలో అసలు ఆక్సిజన్ 88 లోపే ఉంది. తెల్లవారిలో అలా తేలింది 3.6 శాతమే. చర్మం రంగు మిషను చదివే తీరును మారుస్తోందన్నమాట. చామనఛాయ వాళ్లే ఎక్కువున్న మన ఊళ్లలో ఈ ముక్క మొదటి సంవత్సరం ఫిజియాలజీలోనే చెప్పాలి.

టెక్నాలజీకి మన ప్రాంతం కొత్తేమీ కాదు. 2016లోనే మన రాష్ట్రంలో 'అన్‌మోల్' పేరుతో పల్లెల్లో ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలైన ఏఎన్ఎంల చేతికి ట్యాబ్‌లు వచ్చాయి. 2019 నవంబరులో దూరంగా ఉన్న డాక్టరుతో వీడియోలో మాట్లాడించే ఈ-సంజీవనిని ఆరోగ్య ఉపకేంద్రాల్లో మొదట అమల్లో పెట్టిన రాష్ట్రం మనదే. 2021 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతా మొదలైంది, పద్నాలుగు అంకెల ఆభా నంబరు వచ్చింది. 1946 నాటి గుంటూరు మెడికల్ కాలేజీ, విజయవాడ సిద్ధార్థ, మంగళగిరి ఎయిమ్స్, చుట్టూ ప్రైవేటు కాలేజీలు, వీటిలో చాలావాటికి పరీక్షలు పెట్టే ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, అన్నీ గంట, గంటన్నర ప్రయాణంలో ఉన్నాయి. ఇన్ని ఒకచోట ఉన్న ప్రాంతాలు దేశంలో ఎన్నో లేవు.

చిత్రమేమిటంటే ఈ విషయంలో డాక్టర్ల చదువు కంటే నర్సుల చదువే ముందుంది. భారత నర్సింగ్ కౌన్సిల్ 2021లో సవరించిన బీఎస్సీ నర్సింగ్ సిలబస్‌లో రెండో సెమిస్టర్‌లోనే ఆరోగ్య సమాచార సాంకేతికతకు విడిగా ఒక సబ్జెక్టు పెట్టింది. ఎంబీబీఎస్‌లో 2019 నుంచి కొత్త పద్ధతి సిలబస్ వచ్చింది, రోగితో ఎలా మాట్లాడాలో నేర్పే పాఠాలు వచ్చాయి, కానీ దీనికి విడి పేపర్ లేదు. మెడికల్ కాలేజీల్లో డిజిటల్ అనగానే అధ్యాపకులకు మొదట గుర్తొచ్చేది ఫోన్‌కు ముఖం చూపించి వేయాల్సిన హాజరు. ఆ చికాకుతో మొదలైతే మిగతా పాఠం ఎవరికి ఎక్కుతుంది!

ఇక భాష సంగతి. నా దృష్టిలో అన్నింటికన్నా పెద్ద గండి ఇక్కడే ఉంది. మన దగ్గర రోగి 'చెస్ట్ పెయిన్' అనడు. "గ్యాస్ పట్టేసిందండీ" అంటాడు. ఆ గ్యాస్ నిన్న తిన్న మిర్చి బజ్జీ వల్ల వచ్చిన మంట కావచ్చు, గుండెపోటూ కావచ్చు. గుండె కింది భాగానికి రక్తం అందనప్పుడు కొందరికి నొప్పి పొట్ట పైభాగంలో తెలుస్తుంది, వాంతి వచ్చినట్టు ఉంటుంది. అనుభవమున్న డాక్టరు "చెమటలు పట్టాయా? ఎడం చెయ్యి లాగుతోందా? మెట్లెక్కితే ఎక్కువవుతోందా?" అని ఇంకో నాలుగు ప్రశ్నలు వేస్తాడు. తెర మీద ఉన్న జాబితాలో మాత్రం 'అసిడిటీ' అన్న మాట చేతికి అందేంత దగ్గరలో ఉంటుంది. దాన్ని నొక్కితే పని అయిపోతుంది. "కళ్లు తిరుగుతున్నాయి" అన్నదీ అంతే. గది గిర్రున తిరగడమా, కళ్లు బైర్లు కమ్మడమా, షుగరు పడిపోవడమా, పొద్దుటి నుంచి ఏమీ తినకపోవడమా? జాబితాలో ఒకటే మాట. కాళ్లు పీకడం, ఒళ్లు నలతగా ఉండటం, గుండె దడ, నరాలు లాగడం, ఇవన్నీ ఆ ఇంగ్లీషు గడుల్లో ఇమడాలంటే మధ్యలో ఒక మనిషి బుద్ధి పనిచేయాలి. వీడియోలో, ఫోన్‌లో ఈ కష్టం రెట్టింపవుతుంది. 2020 మార్చి 25న, లాక్‌డౌన్ మొదలైన రోజునే వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు, ఫోన్‌లో చూస్తే చాలా, లేక మనిషిని రమ్మనాలా అన్న నిర్ణయాన్ని డాక్టరుకే వదిలాయి. ఆ నిర్ణయం తీసుకోవడం ఏ తరగతిలో నేర్పుతున్నాం? గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్) ఓపీలో ఒక పూట కూర్చుని రోగులు అన్న మాటలు అన్నట్టే రాసుకుని, పక్కన కంప్యూటర్‌లో ఏం పడిందో రాసి, రెంటికీ తేడా చర్చించమంటే అదే గొప్ప ప్రాక్టికల్.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో ఉన్న మా బంధువుల ఇంట్లో మంచం దాకా నీళ్లు. బీరువా అడుగు అరలో పెట్టిన ఫైలు, అంటే పదేళ్ల రిపోర్టులు, స్కాన్లు, చీటీలు, అంతా బురద ముద్ద. తర్వాత మెడికల్ క్యాంపులో "ఏ మందులు వాడుతున్నారు" అని అడిగితే "పొద్దున పచ్చ మాత్ర, రాత్రి తెల్లది" అన్నారట. అలా చెప్పినవాళ్లు ఆ లైనులో ఎంతమందో. రికార్డు ఆన్‌లైన్‌లో ఉండాలని వాదించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. కానీ అదే వారంలో ఆ వీధుల్లో కరెంటు లేదు, ఫోన్లకు చార్జింగ్ లేదు, సిగ్నల్ సరిగా లేదు. ఆన్‌లైన్‌లో ఉన్నా తెరిచేదెలా? కాబట్టి పిల్లలకు రెండూ రావాలి. నెట్ ఉంటే రికార్డు తెరవడం, లేకపోతే మాత్ర రంగు, రేకు, రోజుకెన్నిసార్లు అని అడిగి మందు పోల్చుకోవడం. వరద దాకా పోనక్కర్లేదు. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగితే దేశంలోకెల్లా పేరున్న ఆ ఆసుపత్రి సుమారు రెండు వారాలు పెన్నూ కాగితంతో నడిచింది. 'సర్వర్ డౌన్' అన్న బోర్డు పెట్టి ఆ రోజు వార్డు ఎలా నడపాలో ముందే ఒకసారి డ్రిల్లు చేయించాలి, అగ్నిప్రమాదానికి చేయించినట్టు.

ఏఐ గురించి రెండు ముక్కలు. డయాబెటిస్ వల్ల కంటి వెనక పొర (రెటీనా) దెబ్బతినడాన్ని ఫొటో చూసి పట్టే గూగుల్ ప్రోగ్రామ్‌ను థాయ్‌లాండ్‌లో 11 క్లినిక్‌లలో వాడి చూశారు. ల్యాబ్‌లో దానికి వంక పెట్టలేం. క్లినిక్‌లో మొదటి ఆరు నెలల్లో తీసిన 1,838 ఫొటోల్లో 21 శాతాన్ని సరిగా లేవని అదే తిరగ్గొట్టింది. ఒక ముఖ్య కారణం గదుల్లో వెలుతురు. ఫొటో తీయాలంటే గది చీకటిగా ఉండాలి, అక్కడ ఒకే గదిలో నలుగురు పని చేసుకుంటున్నారు. మన పీహెచ్‌సీల్లో కిటికీ తలుపు సరిగా మూతపడని గదులు ఎన్నో చూసినవాడిగా నాకు ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. రెండోది పోలండ్‌ది, 2025లో వచ్చింది. పెద్దపేగు పరీక్షలో ఏఐ సాయానికి అలవాటు పడిన డాక్టర్లు, అది లేకుండా పరీక్ష చేసినప్పుడు కణుతులు పట్టుకున్న రేటు 28.4 శాతం నుంచి 22.4 శాతానికి పడిపోయింది. ఒక్క అధ్యయనంతో తీర్పు చెప్పేయలేం. అయినా అక్కడున్నది వేల పరీక్షలు చేసి చెయ్యి తిరిగిన డాక్టర్లు. ఇంకా చెయ్యే తిరగని మూడో సంవత్సరం కుర్రాడు కేస్ రాయడానికి చాట్‌బాట్‌ను అడుగుతుంటే వాడికి పోవడానికి అసలు ఏముంటుంది? ముందు తానే రోగిని చూసి, తన అభిప్రాయం పెన్నుతో రాసి, ఆ తర్వాతే మిషన్‌ను అడగాలి. ఈ వరస మారనివ్వకూడదు.

రోగి గుట్టు గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే చేయాల్సింది చాలా చిన్నది. హౌస్ సర్జన్ల వాట్సాప్ గ్రూపుల్లో రాత్రి రెండింటికి ఈసీజీ ఫొటో పడుతుంది, "సార్ ఒపీనియన్ ప్లీజ్" అని. అది ప్రాణాలు కాపాడుతుంది, ఆపమనడం మూర్ఖత్వం. పేరు, ఆసుపత్రిలో చేర్చుకున్నప్పుడు ఇచ్చే ఐపీ నంబరు ఉన్న అంచును కత్తిరించి పంపడం మాత్రం వేలితో అయ్యే పని. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, అందులో సమ్మతి అన్న మాట చాలాసార్లు వస్తుంది. మా పెద్దమ్మ సమ్మతి ఎలా తీసుకున్నారో చెప్పనా? ఆధార్‌కు జతచేసిన నంబరు బెంగళూరులో ఉన్న కొడుకుది. ఓటీపీ వాడికి వెళ్లింది. వాడు మీటింగులో ఉండి నాకు ఫార్వర్డ్ చేశాడు. నేను చదివాను, కౌంటర్లో కుర్రాడు కొట్టాడు. ఆవిడ పక్కన కుర్చీలో కూర్చుని ఫ్యాను కింద కునుకు తీస్తోంది.

ఇదంతా ఎవరు నేర్పాలి? పరీక్షలో రానిది మన పిల్లలు చదవరు. అందుకే ప్రాక్టికల్స్ పరీక్షలో ఒక స్టేషన్, అంటే మార్కులుండే ఒక అంచె, దీనికివ్వాలి. కావాలని రెండు తప్పులు పెట్టిన డిస్చార్జ్ సమ్మరీ ఇచ్చి పట్టుకోమంటే చాలు. ఇక పాఠం చెప్పేవారి కోసం కన్సల్టెంట్లను పిలవక్కర్లేదు. హౌస్ సర్జన్లు ఎలాగూ కమ్యూనిటీ మెడిసిన్ పోస్టింగులో పల్లెలకు వెళ్తారు, చాలామంది సంతకం పెట్టి పీజీ ఎంట్రన్స్ పుస్తకాలు తీస్తారు. అందులో ఒక వారం ఏఎన్ఎం వెంట పంపండి.

గుంటూరు పక్కన ఒక పల్లెలో అలాంటి ఏఎన్ఎం ఒకావిడను చూశాను. బ్యాగులో ట్యాబ్, దాని పక్కనే అట్ట చిరిగిన లాంగ్ నోట్‌బుక్. ట్యాబ్ ఉండగా ఇదెందుకమ్మా అని అడిగాను. పేజీ తిప్పి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టిన పేరొకటి చూపించింది. ఏడో నెల గర్భిణి, ఎదురుగా 148/96.

"నిన్న బీపీ చూసి ఎంట్రీ కొట్టేశాను సార్. ఎంట్రీ పడిందంటే ట్యాబ్ లెక్కలో ఈ పిల్ల పని అయిపోయినట్టే, ఈ నెల లిస్టులో మళ్లీ కనబడదు. నేను మాత్రం రేపు పొద్దున్నే వెళ్లి మళ్లీ చూడాలి. అందుకే ఇందులో రాసుకున్నా" అంది.