మణికట్టు మీద మేస్త్రీ గారికి

మహారాజశ్రీ చేతి గడియారం గారి దివ్యసముఖమునకు,

కర్నూలు సి.క్యాంపు నుంచి తమ ఎడమ మణికట్టు నమస్కరించి వ్రాసుకొను విన్నపము. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. ఆ సంగతి తమకు ముందే తెలుసు. నా గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో నాకన్నా ముందు తమకే కబురు అందుతుంది గదా.

మర్యాదలు ఇంతటితో చాలు. నిద్రలో గూడా నా చెయ్యి విడవనిదానివి, నిన్ను ఎంతసేపని మీరూ తమరూ అనను?

నువ్వు మా ఆఫీసుకు వచ్చిన రోజు గుర్తుందా? మార్చి నెల, సోమవారం, బయట ఎండ అప్పుడే పెనం కాలినట్టు కాలుతోంది. అట్టపెట్టెలో నువ్వూ, నీ తోడబుట్టినవాళ్లు ముగ్గురూ పడుకుని ఉన్నారు. మీ మీద కప్పిన దుప్పటిలాగ హెడ్డాఫీసు సర్క్యులరు. ‘ఆరోగ్యం, ఐక్యత, ఆశయం: 30 రోజుల్లో ఒక కొత్త మీరు’ అని పెద్దక్షరాలు. పాత మాతో వాళ్లకు వచ్చిన ఇబ్బంది ఏమిటో అందులో రాయలేదు. పైన తిరగని ఫ్యాను మార్చమని మేం పెట్టుకున్న అర్జీకి రెండు వేసవులు దాటినా జవాబు లేదు. ఆ ఫ్యాను కిందే కూర్చుని సర్క్యులరు చదువుకుని, చెమట తుడుచుకుని, నిన్ను కట్టుకున్నాం.

రోజుకు పదివేల అడుగులు. జట్టుకు నలుగురు. జట్టుకో పేరు. మా మేనేజరు సార్ క్షణం ఆలోచించకుండా ‘కొండారెడ్డి బురుజు బృందం’ అని పంపించాడు. విజయనగర రాజుల కాలంలో కట్టినప్పటి నుంచి ఒక్క అడుగు గూడా వేయని కట్టడం అది. నీ లెక్కలో దానికంటే సోమరి ఈ జిల్లాలో లేదు. ఆ మాట నేను పైకి అనలేదులే. ఇంక్రిమెంట్లు మేలో పడతాయి.

పదివేలు ఎందుకు, తొమ్మిది వేలు ఎందుకు కాదు అని మొదటి వారంలోనే నాకు అనుమానం వచ్చింది. పంటినొప్పి వచ్చినవాడే పళ్ల గురించి చదువుతాడు. కాళ్లనొప్పులు పట్టుకున్నాక నేను నీ వంశవృక్షం తవ్వినాను. 1964లో టోక్యోలో ఒలింపిక్స్ జరిగినాయి. ఆ ఊపులోనే మరుసటేడు జపాన్‌లో ఒక కంపెనీ నడుముకు తగిలించుకునే అడుగుల మీటరు అమ్మకానికి పెట్టింది. పేరు ‘మాన్పో-కే’, అంటే పదివేల అడుగుల మీటరు. నోరు తిరిగే పేరు, గుండ్రటి అంకె, సరుకు అమ్ముడుపోయింది. ఏ డాక్టరూ ముందుగా నాడి పట్టి చూసి చెప్పిన లెక్క కాదది, అంగడివాడు తగిలించిన బోర్డు. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ల వయసున్న దాదాపు 17 వేల మంది ఆడవాళ్ల నడక చూసి లెక్కగట్టినారు. రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్లకంటే 4,400 వేసేవాళ్లలో చావులు తక్కువట. 7,500 దగ్గరికి వచ్చేసరికి ఆ మేలు గూడా ఇంక పెరగకుండా ఆగిపోయిందట. ఈ ముక్క మేనేజరు సార్‌కు చూపించినాను. ‘అది ముసలమ్మల లెక్క. మనం యువకులం’ అన్నాడు. ఆయనకు వచ్చే ఏడాది రిటైర్మెంటు.

నడక మంచిదే, నేను కాదనడం లేదు. తెల్లారుజామున స్టేడియంలో నాలుగు చుట్లు తిరిగితే ఒళ్లు తేలికపడుతుంది. చిక్కల్లా అక్కడినుంచి బయటికి వచ్చినాక. గేటు ఎదురుగా ఉగ్గాని బండి. నీళ్లలో ముంచి పిండిన బొరుగులు, పసుపు, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, పైన పుట్నాల పొడి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. చుట్లు తిరిగినవాళ్లంతా చివరి చుట్టు ఆ బండి చుట్టే. తిన్నది రాయమంటావు గదా, రాద్దామని నీ జాబితా వెతికినాను. ఓట్స్, అవకాడో, ఇంకా నేను జన్మలో చూడని ఆకులు ఉన్నాయి. ఉగ్గాని లేదు. ‘బొరుగుల సలాడ్’ అని నేనే ఒకటి పుట్టించి పెట్టినాను. బజ్జీని ‘కూరగాయ’ అని రాసినాను. మిరపకాయ కూరగాయ కాదని ఎవరన్నారు? ‘మీ ఎంపిక అద్భుతం, యోధుడా!’ అని మెచ్చుకున్నావు. మన ఇద్దరి మధ్యా నమ్మకం ఆ రోజే సడలింది.

నీ తెలుగు గురించి గూడా ఒక మాట చెప్పుకోవల్ల. ఒక రాత్రి భోజనాల దగ్గర చేతి మీద బుర్రుమని, ‘అభినందనలు! మీరు మీ ఉంగరాన్ని మూసివేశారు’ అని చూపించినావు. మా ఆవిడ వంగి చదివి, చేతిలో గరిటె పక్కన పెట్టి, ‘కుదువ పెట్టిన ఉంగరం విడిపిచ్చినావా? నాతో చెప్పనే లేదే’ అంది. ఆ మొహంలో వెలుగు చూసి, అది రోజు లెక్క నిండితే తెర మీద గుండ్రంగా మూసుకునే రంగు గీత అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెప్పక తప్పలేదు. ఆ పూట నాకు రెండో రొట్టె పడలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. సర్క్యులరు చివర చిన్నక్షరాలలో ఒక నిబంధన ఉండింది. జట్టు మార్కు అంటే సగటు కాదు, నలుగురిలో అందరికంటే తక్కువ నడిచినవాడి అంకె. ‘ఎవరినీ వెనక వదలకూడదు’ అని దానికో సూక్తి. మొదటి వారం రోజువారీ అడుగుల పట్టీ వచ్చింది. మేనేజరు సార్ 11,200. ఆయన కుర్చీలోంచి లేచేది రెండుసార్లే, గానీ మాట్లాడేటప్పుడు రెండు చేతులతో గాలిని దున్నుతాడు. క్యాషియర్ మేడమ్ 9,000 దరిదాపులు. నేను 8,400. అటెండరన్న 2,900.

అటెండరన్న అంటే మా ఆఫీసులో కూర్చోని మనిషి. కల్లూరు అవతల పల్లె నుంచి రోజూ పోనూ రానూ 18 కిలోమీటర్లు సైకిలు. వచ్చినాక ఫైళ్ల కట్టలు రెండు చేతులా పట్టుకుని కిందికీ పైకీ తిరుగుతాడు, నీళ్ల క్యాన్లు ఎత్తుతాడు, టీలు తెస్తాడు. నువ్వేమో ఆయనకు గంటకోసారి ‘చాలాసేపు కదలకుండా ఉన్నారు’ అని చెప్తావు. మేనేజరు సార్ పట్టీ చేత్తో పట్టుకుని, ‘నీవల్ల బ్రాంచి పరువు పోతోందప్పా’ అని గట్టిగానే అన్నాడు. అటెండరన్న గడియారం వైపు చూసినాడు, సార్ వైపు చూసినాడు. ‘నేను కూకునేది యాడ సార్, మీరే చూపీండి, ఆడ కూకుంటా’ అన్నాడు.

నీ గుట్టు విప్పింది క్యాషియర్ మేడమ్. నీ కడుపులో చిన్న చిప్పు ఉంది, అది పైకీ కిందికీ పక్కకీ చెయ్యి ఊగే ఊపును పట్టి, లయ కుదిరితే అడుగని రాసుకుంటుంది. అంతే నీ విద్య. సైకిలు హ్యాండిలు పట్టుకున్న చెయ్యి ఊగదు. ఫైళ్లు మోసే చెయ్యి ఊగదు. బిందె మోసే చెయ్యి, పసిబిడ్డను ఎత్తుకున్న చెయ్యి, బస్టాండులో మూట పట్టుకున్న చెయ్యి, ఏదీ ఊగదు. ఖాళీ చెయ్యి ఊపుకుంటూ పోయేవాడే నీ దృష్టిలో కష్టజీవి. ఇంత చూసినాక మేస్త్రీ అని నీకు పేరు పెట్టడంలో నా తప్పేమన్నా ఉందా? చెట్టు కింద కుర్చీ వేసుకుని కూలీల లెక్క రాసే మేస్త్రీలను చిన్నప్పుడు శనక్కాయ చేలల్లో చూసినాను. వాళ్లు నయం, మొహాలన్నా గుర్తుపెట్టుకునేవాళ్లు.

మరుసటి రోజు నుంచి అటెండరన్న నిన్ను, అంటే నీ తమ్ముణ్ని, మేజోడులో దోపి చీలమండకు కట్టుకున్నాడు. పెడలు తిరిగిన ప్రతి చుట్టూ అడుగైంది. 2,900 కాస్తా రెండు రోజుల్లో తొమ్మిది వేలు దాటింది. ఇందులో మోసమేముంది? ఆయన కష్టం ఆయనకు జమ అయింది.

మోసం తరువాత మొదలైంది. కూతురి కాలేజీ ఫీజు పని మీద అటెండరన్న మూడు రోజులు సెలవు పెట్టినాడు. ఆ మూడు రోజులూ జట్టు మార్కు సున్నా అయ్యేట్టుంది. ఆయన సెలవు మీద పోయే ముందు మేం నలుగురం, నాలుగేళ్లుగా ఒకే గదిలో ఎవరి డబ్బా వాళ్లు తెరుచుకుని తినేవాళ్లం, మొదటిసారి ఒకే బల్ల చుట్టూ కూర్చుని కుట్ర పన్నినాం. ఆయన గడియారం పొద్దున క్యాషియర్ మేడమ్ కుడి చేతికి, మధ్యాహ్నం మీటింగులో మేనేజరు సార్ రెండో చేతికి, రాత్రి మా ఇంటికి. సార్ ఆ మూడు రోజులూ అవసరం లేకపోయినా మీటింగులు పెట్టి, రెండు చేతులా ఉపన్యాసాలు ఇచ్చినాడు. అంత త్యాగం ఆయనలో ఉందని మాకు తెలియదు. అనంతపురం బ్రాంచి వాళ్లు మేక కాలికి కట్టినారని విన్నాం. మేక నాలుగడుగులకోసారి ఆగి మేస్తుందట, వాళ్లకు పెద్దగా కలిసి రాలేదు.

రాత్రి మా ఇంట్లో ఏం జరిగిందంటే, మా ఆవిడ జొన్నరొట్టెలు తట్టింది. వేడినీళ్లు పోసి పిండి మెదిపి, పీట మీద పొడిపిండి చల్లి, ఉండను అరచేత్తో టపటపా తట్టుతూ తిప్పుతుంటే రొట్టె చంద్రుడిలాగ పరుచుకుంటుంది. ఆ లయ నీకు మహా నచ్చింది. పదకొండు రొట్టెలకు 840 అడుగులు వేసినావు! ఇరవై ఏళ్లుగా ఆమె అట్ల పీట ముందు కూర్చుని ఎంత దూరం నడిచిందో నేను లెక్క కట్టబోయినాను. ఢిల్లీ దాటినాక లెక్క ఆపేసినాను. అన్నట్టు నీ యాప్‌లో ‘చిరుధాన్యాలు తినండి’ అని రోజూ వస్తుంది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం చేసినాక మా జొన్నలకూ కొర్రలకూ రంగు ప్యాకెట్లు వచ్చినాయి. మా అవ్వ కాలంలో జొన్న తినేవాళ్లు వరిబువ్వ కోసం పండగ దాకా కాచుకునేవాళ్లు. ఇప్పుడు వరిబువ్వ తినేవాళ్లు జొన్న ప్యాకెట్టు కోసం జీతం దాకా కాచుకుంటున్నాం.

ఆరోగ్యం అయింది, ఐక్యత అయింది. ఆశయం మిగిలింది. మూడో వారం ఒక ఫారం వచ్చింది: ‘మీ జీవిత ఆశయం మూడు వాక్యాలలో.’ మేనేజరు సార్ ఇంటర్నెట్టులో దొరికింది దించినాడు. ‘నిరంతర అభ్యసనం ద్వారా సమాజానికి విలువ జోడించడం’ అని నేను రాసినాను. రాసినాక రెండుసార్లు చదివినాను. అర్థం కాలేదు. ఆమోదం వచ్చింది. అటెండరన్న ఒకటే వాక్యం రాసినాడు: ‘పాప డిగ్రీ అయిపోవల్ల.’ అది తిరిగొచ్చింది. ‘ఇది ఆశయం కాదు, కుటుంబ బాధ్యత. మీ అంతరంగాన్ని పరిశీలించి మళ్లీ రాయండి.’

అటెండరన్న టీ గ్లాసులు కడుక్కుంటూ అంతరంగం పరిశీలించినాడు. ఈసారి రాసింది: ‘సైకిలుకు వెనక టైరు మార్చల్ల.’ దానికి ఆమోదం వచ్చింది. ‘నిర్దిష్టం, కొలవదగినది’ అని పచ్చగుర్తు గూడా వేసినారు. కూతురి డిగ్రీ ఎందుకు కొలవదగినది కాదో ఆయన నన్ను అడిగినాడు. నేను ఫైలు వెతుక్కుంటున్నట్టు వంగినాను.

30 రోజులు పూర్తయినాయి. మాది జోన్‌లో మూడో స్థానం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయి, 1956 నవంబరు 1కి ఆ ముచ్చట హైదరాబాదుకు అప్పజెప్పిన ఊరు మాది. ఆ మూడేళ్ల గుర్తుగా మాకు మిగిలింది మా పేటలకు ఏ, బీ, సీ అని క్యాంపుల పేర్లే. అందువల్ల మూడో స్థానానికి మేం పొంగిపోలేదు, కుంగిపోలేదు. బహుమతిగా ఒక సర్టిఫికెట్టు, కిలో మిఠాయి పెట్టె వచ్చినాయి. నెయ్యి కారుతోంది. దాన్ని నీ జాబితాలో ఏమని రాయాలో చెప్పు. మేనేజరు సార్ ‘నేను నా జట్టును ఎట్ల నడిపించినాను’ అని జోన్ వాళ్లందరికీ ఆన్‌లైన్‌లో గంటసేపు మాట్లాడినాడు. రెండు చేతులతో. ఆ ఒక్క గంటకు 1,300.

ఇప్పుడు ఎవరూ పట్టీ అడగడం లేదు. ఫ్యాను ఇంకా తిరగడం లేదు. నిన్ను విప్పి వంటింటి అరలో, పసుపు డబ్బా పక్కన పెట్టినాను. ఒకోసారి మా ఆవిడ టైము కోసం కట్టుకుంటుంది.

ఈ ఉత్తరం రాస్తుండగానే నువ్వు ఆమె చేతి మీద బుర్రుమన్నావు. ఆమె పొద్దున ఐదు నుంచి నిలబడే ఉంది. పొయ్యి ముందు సంగటి కెలుకుతూ, ‘ఏమంటాది చూడు’ అని చెయ్యి నావైపు చాపింది. చదివి వినిపించినాను: ‘చాలాసేపు కూర్చున్నారు. ఒక నిమిషం లేచి నిలబడండి.’

ఆమె నీ వైపు కాసేపు చూసింది. ‘ఎవురితో చెప్తాండాది ఇది? నీతోనేమో’ అంది.

అది గూడా నిజమే, కుర్చీలో ఉన్నది నేను. ఇంకా రాయాల్సింది ఉంది, గానీ బయట కొళాయికి నీళ్లొచ్చినట్టున్నాయి, వీధంతా బిందెల చప్పుడు. ఎల్లుండి గానీ మళ్లీ రావు. రెండు చేతులకూ రెండు బిందెలు, మిద్దె మీది తొట్టి నిండేదాకా మెట్లు ఎక్కి దిగల్ల. నువ్వేం రాసుకోవద్దు, మళ్లీ అరలోకి పో.

ఇట్లు,
నీ ఎడమ మణికట్టు
సి.క్యాంపు, కర్నూలు