అలారం ఆపకండమ్మా

మా చెల్లెలికి తిరుపతిలో కాన్పు అయిన తొమ్మిదో రోజు పొద్దున తన నోట్‌బుక్ తెరిచి చూస్తే, రెండు రాత్రులుగా రెండున్నర గంటల గడి, ఐదున్నర గంటల గడి ఖాళీగా ఉన్నాయి. మిగతా గళ్ళన్నిటిలో టైము, పక్కన ఎన్ని ఎంఎల్ పాలు వచ్చాయో నీలం పెన్నుతో రాసి ఉంది. ఏమయిందని అడిగితే "అలారం మోగలేదక్కా" అంది. మోగింది. పక్కన పడుకున్న అమ్మ లేచి ఆపేసింది. "పచ్చి బాలింత, కుట్లు కూడా ఆరలేదు, నడిరాత్రి లేపి ఆ పాలు తీసే మిషన్ పెట్టుకోమంటే నా ప్రాణం ఒప్పలేదు" అని అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆరో రోజు మొత్తం 180 ఎంఎల్ వచ్చిన పాలు ఎనిమిదో రోజుకి 110కి పడిపోయాయి. ఇంట్లో అప్పటికే "దీనికి పాలు పడలేదు" అనే మాట మొదలైంది.

ఆ మాట గురించే రాస్తున్నాను. అమెరికాలో ఉంటున్న మనలో చాలామంది కాన్పుకి ఊరికి వెళ్తారు, లేదా కాన్పు చేయడానికి అమ్మనో అత్తగారినో ఇక్కడికి పిలిపించుకుంటారు. ఎక్కడ కన్నా సరే, బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా, రొమ్ము పట్టలేకపోయినా, తల్లి పాలు పిండి పట్టించాల్సి వస్తుంది. అప్పుడు ఆ పాలు నిలబడతాయా లేదా అన్నది తల్లి ఒంట్లో ఎంత శక్తి ఉందన్న దానికన్నా, చుట్టూ ఉన్నవాళ్ళు ఆ పనికి ఎంత చోటిచ్చారన్న దాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుందని నేను కళ్ళారా చూశాను.

చెల్లెలికి బీపీ పెరిగి 32 వారాలకే ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. పాప కిలో ఆరువందల గ్రాములు. వెంటనే బాక్స్‌లో, అంటే ఇంక్యుబేటర్‌లో పెట్టారు. నేను అప్పటికి నార్త్ కరోలినాలో ఉన్నాను, నెల తర్వాతకి తీసుకున్న టికెట్‌ని ముందుకి జరుపుకుని తొమ్మిదో రోజుకి తిరుపతి చేరాను. ఫోన్‌లో నేను మొదట అడిగింది పాప ఎలా ఉందని, రెండోది పాలు తీయడం మొదలుపెట్టారా అని. ఎవరూ మొదలుపెట్టలేదు. ఎవరూ చెప్పలేదు. బిడ్డ తల్లి దగ్గర లేనప్పుడు కాన్పు అయిన గంటలోపు, కుదరకపోతే కనీసం ఆరు గంటల్లోపు చేత్తో పిండడం మొదలుపెట్టాలి, మేం మొదలుపెట్టేసరికి ఇరవై గంటలు గడిచాయి. ఆ ఆసుపత్రి పేరు చెప్పను, ప్రాణం నిలబెట్టే పనిలో వాళ్ళు తలమునకలుగా ఉన్నారు, కానీ ఆ ఒక్క మాట ఎవరో ఒకరు చెప్పి ఉండాల్సింది.

మొదటిసారి వచ్చింది సిరంజిలో రెండు ఎంఎల్. పసుపు పచ్చగా, తేనెలా చిక్కగా. అది చూసి "ఇంతేనా" అన్నారట అందరూ. మొదటి రోజుల్లో ముర్రుపాలు చుక్కల లెక్కనే వస్తాయి, నెలలు నిండిన బిడ్డకైనా మొదటి రోజు ఒకసారికి పట్టేది చెంచాడు పాలే. ఆ కొంచెంలోనే రోగనిరోధక శక్తినిచ్చేవి దండిగా ఉంటాయి. పైగా ఆపరేషన్ అయినా, నెల తక్కువ కాన్పు అయినా పాలు పొంగడం మూడో రోజు దాటి కాస్త ఆలస్యమయ్యే అవకాశం ఎక్కువ. ఆ సమయంలో మంచం పక్కన నిలబడి "పాలు లేవు, ఇంగ డబ్బా పాలే" అని తీర్పు చెప్పేస్తే, నిజంగా రాబోయే పాలని కూడా మనమే ఆపేస్తున్నట్టు.

ఎందుకంటే పాలు తీసేకొద్దీ ఊరతాయి. రొమ్ము నిండి అలాగే ఉండిపోతే ఇక చాలని శరీరం తయారీ తగ్గించుకుంటుంది, ఖాళీ చేస్తే ఇంకా కావాలని పెంచుతుంది. తొలి రెండు వారాల్లో ఇది మరీ ముఖ్యం, ఆ రోజుల్లో ఎంత తరచుగా తీశామన్న దాన్ని బట్టే తర్వాతి నెలల రాబడి చాలావరకు కుదురుకుంటుంది. అందుకే రోజుకి ఎనిమిది నుంచి పది సార్లు తీయమంటారు. అందులో రాత్రి కనీసం ఒకసారి తప్పనిసరి, పాలని తయారు చేయించే ప్రొలాక్టిన్ అనే హార్మోన్ రాత్రిపూట ఎక్కువగా ఉంటుంది కాబట్టి. పదకొండింటికి తీసి మళ్ళీ పొద్దున ఏడింటికి తీస్తే మధ్యలో ఎనిమిది గంటలు పోయాయి. అమ్మ ప్రేమతో ఆపిన అలారం చేసిన పని అదీ.

ఇదంతా నేను అమ్మకి చెప్తుంటే తను తల ఊపింది కానీ నమ్మలేదు. నమ్మించింది మా అవ్వ. ఆమెది పాకాల పక్కన పల్లె, పెళ్ళయిన దగ్గర్నుంచి డెబ్బై దాటేదాకా ఇంట్లో రెండావులకి తక్కువ లేవు, పొద్దున సాయంత్రం పాల కేంద్రానికి పోసి ఆ డబ్బుతోనే మా అమ్మని చదివించింది. మూలన కూర్చుని అంతా విని, అమ్మ వైపు తిరిగి "ఏమే, ఆవునైతే ఒక పూటన్నా తప్పించినామా మనం? రెండ్రోజులు పిండకుంటే అది వట్టిపోతాదని నీకు దెలీదా? దీని బిడ్డ ఆసుపత్రిలో ఉండాది. దూడ లేనప్పుడు చెయ్యే దూడ" అంది. ఇంట్లో ఇంకెవరూ మాట్లాడలేదు. ఆ రాత్రి నుంచి రెండున్నరకి అలారం మోగకముందే అవ్వే లేచి కూర్చునేది.

చిత్తూరు జిల్లా పల్లెల్లో పాడి లేని ఇల్లు తక్కువ, పాల బిల్లు మీద నడిచే కుటుంబాలు ఎన్నో. పూట తప్పితే పాలు తగ్గుతాయని, కొత్త మనిషి కూర్చుంటే ఆవు చేపదని, దూడని విడిచి పొదుగు తడిమితేనే చేపుకొస్తుందని మనకి పుట్టుకతో తెలుసు. పాలు కిందికి దిగడాన్ని చెప్పే ఈ చేపు అన్న మాటే ఎంత చక్కటిదో చూడండి. ఆ పని చేయించే హార్మోన్‌నే డాక్టర్లు ఆక్సిటోసిన్ అంటారు. టెన్షన్‌లో ఉన్నా, నొప్పిగా ఉన్నా, ఎదురుగా నలుగురు కూర్చుని సీసా వైపే చూస్తున్నా రొమ్ములో ఉన్న పాలు కూడా కిందికి దిగవు. బిడ్డ ఫొటో చూసినా, బిడ్డని చుట్టిన గుడ్డ వాసన తగిలినా దిగుతాయి. మా మరిది, అంటే చెల్లెలి భర్త, రోజూ ఆసుపత్రి నుంచి పాపకి చుట్టిన మెత్తటి గుడ్డ ఒకటి తెచ్చేవాడు, చెల్లెలు దాన్ని భుజం మీద వేసుకుని పంప్ పెట్టుకునేది.

అన్నిటికన్నా బాగా పనిచేసింది పాపని ఒంటికి ఆనించుకోవడం. 1978లో కొలంబియాలోని బొగొటాలో ఎడ్గార్ రే అనే డాక్టర్ ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టిన పద్ధతి అది, కంగారూ సంరక్షణ అంటారు, ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ నెల తక్కువ పిల్లలకి రోజుకి 8 గంటల నుంచి 24 గంటల దాకా చేయమంటోంది. పదో రోజు నుంచి చెల్లెల్ని లోపలికి రానిచ్చారు. పాపని ఛాతీ మీద గంటసేపు పెట్టుకుని, లేవగానే పక్క గదిలో పంప్ పెట్టుకుంటే, ఇంట్లో 35 వచ్చేచోట 55 వచ్చాయి. ఆ సీసా పట్టుకుని తను ఏడ్చిన ఏడుపు నేను మర్చిపోలేను. మీ వాళ్ళ ఆసుపత్రిలో దీనికి ఒప్పుకుంటారా అని మొదటి రోజే అడగండి, అడగకపోతే చాలాచోట్ల వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

ఇక పంప్ సంగతి, ముఖ్యంగా ఇక్కడి నుంచి సూట్‌కేసులో పెట్టుకెళ్ళేవాళ్ళకి. అడాప్టర్ మీద 100–240 వోల్టులు అని ఉందో లేదో చూసుకోండి, చాలావాటికి ఉంటుంది. నేను తీసుకెళ్ళిన స్టెరిలైజర్‌కి మాత్రం 120 అనే ఉంది, తిరుపతిలో స్విచ్ వేయగానే కాలిపోయింది. ఆ తర్వాత ఒక కొత్త గిన్నె దానికోసమే పెట్టి రోజుకోసారి అందులో మరిగించాం, ప్రతిసారి సబ్బు, వేడినీళ్ళతో కడిగి ఆరబెట్టాం. రొమ్ముకి పెట్టుకునే గరాటు సైజు కూడా చూడాలి. పెట్టెలో సాధారణంగా వచ్చేది 24 మిల్లీమీటర్లది, చెల్లెలికి అది పెద్దదయింది, చనుమొన చుట్టూ ఎర్రగా కమిలి, నొప్పికి భయపడి పది నిమిషాలకే ఆపేసేది. చిన్నది తెప్పించాక నొప్పి పోయింది, పాలూ పెరిగాయి. రెండు వైపులా ఒకేసారి పదిహేను ఇరవై నిమిషాలు పెట్టుకోవాలి, ముందు వేడి గుడ్డ, మధ్యలో చేత్తో రొమ్ముని మెల్లగా నొక్కుతూ ఉండాలి, చివర్లో చేత్తో పిండాలి. స్టాన్‌ఫర్డ్‌లో జేన్ మోర్టన్ అనే పిల్లల డాక్టర్ బృందం నెల తక్కువ పిల్లల తల్లుల మీద అధ్యయనం చేసి, పంప్‌కి చేయి కూడా కలిస్తే పాలు పెరుగుతాయని 2009లో ప్రచురించింది. అవ్వకి ఇది చెప్తే, ఆఖరి ధారల్లోనే వెన్న ఎక్కువని అంది, అదీ నిజమే.

కరెంటు పోయినప్పుడు ఆ చెయ్యే దిక్కయింది. మేం ఉన్నది మే నెల. పిండిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో అయితే నాలుగు గంటలు నిలవుంటాయి అంటారు, తిరుపతి మే నెలలో అర్ధరాత్రి కూడా గది అంత చల్లగా ఉండదు, కాబట్టి తీసిన వెంటనే ఫ్రిజ్‌లో, తలుపు వైపు కాకుండా లోపలి అరలో పెట్టేవాళ్ళం. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు అన్నది ఇంట్లో ఉన్న ఆరోగ్యమైన బిడ్డ లెక్క, బాక్స్‌లో ఉన్న బిడ్డకి ఆసుపత్రి చెప్పిన గడువే పాటించాలి. మరిది పొద్దున్నే ఐస్ ప్యాకులు పెట్టిన సంచిలో సీసాలు సర్ది, ఒక్కోదాని మీద పేరు, తేదీ, టైము రాసి, స్కూటర్ మీద కొర్లగుంట నుంచి ఆసుపత్రికి పట్టుకెళ్ళేవాడు. ఇంట్లో మగవాళ్ళకి ఏం పని ఉంటుందని అడిగేవాళ్ళకి ఇదే నా జవాబు. సీసాలు కడగడం, మరిగించడం, రాయడం, మోయడం. తల్లి చేయాల్సింది పాలు తీయడం, తినడం, నిద్రపోవడం మాత్రమే.

తిండి దగ్గర మా అత్తలతో కొంచెం మాటలు పడ్డాయి. తెల్లగడ్డలు, మెంతులు, మునగాకు, పాలసొర చేప, ఇవన్నీ పెట్టండి, మంచి తిండే, పిల్ల ఇష్టంగా తింటే ఇంకా మంచిది. కానీ అవి తిని అలారం ఆపేస్తే పాలు రావు. మెంతి గింజలు మందుల్లా గుప్పెళ్ళు మింగించవద్దు, షుగర్ ఉన్నవాళ్ళకి, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకి ఇబ్బంది. పాల కోసమని మెడికల్ షాపులో డాంపెరిడోన్ అడిగి కొనకండి, గుండె లయకి తేడా చేసే మందు అది, డాక్టర్ చూసి రాయాల్సిందే. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించింది నీళ్ళు కట్టడి చేయడం. మే నెల ఎండలో బాలింతకి గ్లాసు లెక్కన నీళ్ళిస్తే ఎలా? దాహమేస్తే తాగాలి, అంతే. పత్యం పేరుతో కడుపు మాడ్చడం కూడా అంతే తప్పు, మామూలు కన్నా రోజుకి 500 క్యాలరీల దాకా ఎక్కువ కావాలి ఆ మనిషికి.

చూడటానికి వచ్చేవాళ్ళు ఇంకో సమస్య. పంప్ టైము అయిందని చెల్లెలు లేస్తే "కూర్చో అమ్మణ్ణీ, ఇప్పుడే వచ్చినాం కదా" అనేవాళ్ళు. అమెరికాలో బిడ్డ పుట్టిన ఏడాది వరకు పాలు తీసుకోవడానికి ఆఫీసులో సమయం, బాత్రూమ్ కాని మరో చోటు ఇవ్వాలని చట్టం ఉంది, 2022 చివర్లో దాన్ని ఇంకా ఎక్కువమందికి వర్తింపజేశారు. తిరుమలలో ఏడాది లోపు బిడ్డతో వచ్చిన తల్లిదండ్రులకి సుపథం అనే ప్రవేశ మార్గం నుంచి వేరే దారి ఉంది. ఏడుకొండలవాడి దగ్గర దొరికే వెసులుబాటు సొంత హాల్లో దొరక్కపోతే ఎలా? పురుడు పదకొండు రోజులు తల్లిని ఒక గదిలో ఉంచే మన ఆచారాన్ని దీనికే వాడుకోవచ్చు. గది తలుపు వేసి ఉంటే వచ్చినవాళ్ళు కాఫీ తాగి వెళ్తారు.

అన్నీ చేసినా కొందరికి పాలు తక్కువే వస్తాయి. కాన్పులో రక్తం బాగా పోయినా, మాయ ముక్క లోపల మిగిలినా, థైరాయిడ్ ఉన్నా అలా జరుగుతుంది, డాక్టర్‌కి చూపించాలి. వచ్చినన్ని పట్టించి మిగతాది దాత పాలతోనో పౌడర్ పాలతోనో నింపితే ఆ తల్లి దోషి కాదు. ముంబయి సయన్ ఆసుపత్రిలో 1989లోనే డాక్టర్ అర్మిడా ఫెర్నాండెజ్ తల్లిపాల బ్యాంకు పెట్టారు, హైదరాబాద్ నీలోఫర్‌లోనూ ఉంది, మీ ఊళ్ళో ఉందేమో ముందే కనుక్కోండి. రొమ్ము గడ్డకట్టి జ్వరమొస్తే కూడా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, అంతే తప్ప పాలు తీయడం ఆపేయకూడదు.

చెల్లెలి నోట్‌బుక్‌లో ఇరవై ఒకటో రోజు మొత్తం 610 అని ఉంది. దాని చుట్టూ తను రెండుసార్లు సున్నా చుట్టింది. పాప రెండు కిలోలు దాటాక ఇంటికొచ్చింది, రొమ్ము సరిగ్గా పట్టడానికి ఇంకో పది రోజులు పట్టింది. మొన్న అమ్మ ఫోన్ చేసి, ఎదురింటి వాళ్ళ కోడలికి కవలలు, బాక్స్‌లో పెట్టారంట, నీ చెల్లెలి నోట్‌బుక్ ఇచ్చి రాత్రికి నేనే అక్కడ పడుకుంటున్నా, రెండున్నరకి లేపాలి కదా అంది.