కిరీటం దిగింది, బాకీ తీరలేదు

‘రాజు రావాలి, దేశాన్ని కాపాడాలి’ అన్న నినాదం 2025 మార్చిలో కాఠ్మాండూ వీధుల్లో మారుమోగింది. ఆ నెల 28న తీన్‌కునే ప్రాంతంలో రాచరిక అనుకూలుల ప్రదర్శన హింసగా మారి, ఒక టెలివిజన్ విలేకరి సహా ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. ఆరు నెలలు తిరక్కముందే, సెప్టెంబరు 8న, అదే నగరంలో యువతరం అవినీతికీ సామాజిక మాధ్యమాల నిషేధానికీ వ్యతిరేకంగా కదం తొక్కితే, ఒక్క రోజులోనే 19 మంది పోలీసు చర్యకు బలయ్యారు. మర్నాడు ప్రధాని కె.పి. శర్మ ఓలి రాజీనామా చేశారు. పార్లమెంటు భవనం, సుప్రీంకోర్టు, సచివాలయమున్న సింహ దర్బార్ మంటల్లో చిక్కుకున్నాయి. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి, 2006లో రాజుపై తిరగబడటమే నేపాల్ ప్రజలు చేసిన పొరపాటని వాదించేవారు సరిహద్దుకు అటూ ఇటూ కూడా ఉన్నారు. ఆ వాదనతో ఈ పత్రిక ఏకీభవించడం లేదు. రాజు ఎందుకు పోవలసి వచ్చిందో మరచిన వారికే రాజు మళ్లీ రావాలన్న మాట తేలిగ్గా నోట వస్తుంది.

నేపాల్‌లో రాచరికాన్ని కూల్చింది మావోయిస్టుల తుపాకులేనన్నది సగం నిజం మాత్రమే. మిగతా సగం రాజప్రాసాదంలోనే తయారైంది. తొలిసారి ఎన్నికైన ప్రభుత్వాన్ని 1960 డిసెంబరు 15న రాజు మహేంద్ర రద్దు చేసి, ప్రధాని బి.పి. కొయిరాలాను జైల్లో పెట్టారు. ఆ తర్వాత మూడు దశాబ్దాల పాటు పార్టీలపై నిషేధం, పంచాయత్ వ్యవస్థ పేరిట రాజు ఏకఛత్రాధిపత్యం సాగాయి. 1990 నాటి మొదటి జన ఆందోళన్ ఆ నిషేధాన్ని తొలగించింది గానీ, నాడు రాసుకున్న రాజ్యాంగంలో రెండు తలుపులు గడియ లేకుండా ఉండిపోయాయి. ఒకటి సైన్యం: కాగితం మీద ఏం రాసి ఉన్నా, దాని విధేయత పార్లమెంటుకు కాక రాజుకే. రెండోది 127వ అధికరణ: రాజ్యాంగం అమలులో ఎదురయ్యే ‘అడ్డంకులను తొలగించే’ అధికారాన్ని అది రాజుకు కట్టబెట్టింది. ఆ చిన్న నిబంధన పన్నెండేళ్ల తర్వాత ఎన్నికైన ప్రభుత్వాన్నే అడ్డంకిగా లెక్కగట్టడానికి పనికొస్తుందని నాడు రాసినవారు ఊహించి ఉండరు.

ఈలోగా 1996 ఫిబ్రవరిలో పశ్చిమ కొండల్లో మావోయిస్టుల సాయుధ పోరు మొదలైంది. భూమి లేనివారు, దళితులు, జనజాతులు, మగర్ పల్లెల పడుచులు అందులోకి వెళ్లడానికి కారణం వెతకడానికి సిద్ధాంత గ్రంథాలు తిరగేయనక్కరలేదు. తరతరాల వెట్టిలో మగ్గిన కమైయాలకు చట్టబద్ధ విముక్తి ప్రకటించడానికే నేపాల్ రాజ్యానికి 2000 జులై దాకా పట్టింది. 2001 జూన్ 1 రాత్రి నారాయణహితి ప్రాసాదంలో రాజు బీరేంద్ర, రాణి ఐశ్వర్య, మరికొందరు రాజకుటుంబీకులు కాల్పుల్లో మరణించారు. యువరాజు దీపేంద్రే ఈ ఘాతుకానికి ఒడిగట్టారని అధికారిక విచారణ తేల్చినా, జనంలో చాలామంది నమ్మలేదు. రాజును విష్ణువు అవతారంగా కొలిచిన సమాజంలో ఆ నమ్మకం అంతఃపురం గోడల మధ్యే నెత్తుటి మడుగులో పడింది. తర్వాత పీఠమెక్కిన జ్ఞానేంద్రకు సింహాసనం వారసత్వంగా దక్కింది గానీ, దాని వెనుక ఉండే గౌరవం దక్కలేదు.

రాజుంటే సుస్థిరత అనేవారు 2002 తర్వాతి లెక్క ఒకసారి చూడాలి. ఆ ఏడాది అక్టోబరు 4న 127వ అధికరణ పేరు చెప్పి ప్రధాని దేవ్‌బాను తప్పించిన జ్ఞానేంద్ర, రెండేళ్లు తిరిగేలోగా లోకేంద్ర బహదూర్ చంద్‌ను, సూర్య బహదూర్ థాపాను, చివరికి అసమర్థుడని తాను సాగనంపిన దేవ్‌బానే మళ్లీ ప్రధానిగా నియమించారు. 2005 ఫిబ్రవరి 1న ఆయననూ తొలగించి అధికారమంతా తన చేతుల్లోకి తీసుకున్నారు. ఆ ఉదయం రాజు ప్రసంగం ముగిసేసరికి దేశంలో ఫోన్లు మూగబోయాయి, నేతలు గృహనిర్బంధంలో ఉన్నారు, పత్రికా కార్యాలయాల్లో సైనికులు కూర్చున్నారు. ఎఫ్‌ఎం రేడియోలు పాటలు వేసుకోవచ్చు గానీ వార్తలు చెప్పరాదన్నారు. కొండకోనల్లోని పల్లెలకు లోకంతో ఉన్న సంబంధం ఆ రేడియో ఒక్కటే. కొన్ని కేంద్రాల విలేకరులు వార్తలను పాట కట్టి పాడారు, మరికొందరు వీధిలో మైకు పట్టుకొని చదివారు. విలేకరి వార్త చెప్పడానికి రాగం అందుకోవలసి వచ్చిన రాజ్యం ఎంత భయంతో బతుకుతోందో పౌరులకు అప్పుడే అర్థమైంది. ఒక ఉద్యమం ఎక్కడ మొదలైందని అడిగితే చరిత్రకారులు తేదీలు చెబుతారు. పత్రికగా మాకు మాత్రం ఆ పాటలే గుర్తుకొస్తాయి.

2006 ఫిబ్రవరిలో రాజు జరిపించిన పురపాలక ఎన్నికలను పార్టీలు బహిష్కరించగా ఓటర్లలో అయిదో వంతు మాత్రమే పోలింగ్ కేంద్రాలకు వచ్చారు. అప్పటికే, 2005 నవంబరులో, ఏడు పార్టీల కూటమికీ మావోయిస్టులకూ మధ్య ఢిల్లీలో 12 అంశాల అవగాహన కుదిరింది. 2006 ఏప్రిల్ 6న నాలుగు రోజుల సార్వత్రిక సమ్మెగా మొదలైనది 19 రోజుల జనసంద్రంగా మారింది. రింగు రోడ్డు లోపల కర్ఫ్యూ పెడితే జనం ఆ రోడ్డు అంచునే, కలంకి, గోంగబు, చాబహిల్ కూడళ్లలో పోటెత్తారు. వైద్యులు, న్యాయవాదులు, అధ్యాపకులే కాదు, ప్రభుత్వ ఉద్యోగులు సైతం బయటికొచ్చారు. ఉద్యమాన్ని అణచవలసిన హోంశాఖ సిబ్బందిలోనే కొందరు నిరసన తెలిపి అరెస్టయ్యారు. ఏప్రిల్ 21న ప్రధాని పేరు సూచించండని రాజు పార్టీలను కోరారు. భారత ప్రభుత్వం తొందరపడి దాన్ని స్వాగతించింది, కాఠ్మాండూ వీధులు తిరస్కరించాయి. రాజ్యాంగబద్ధ రాచరికం, బహుళపార్టీ ప్రజాస్వామ్యం నేపాల్‌కు రెండు స్తంభాలని ఏళ్లుగా చెబుతూ వచ్చిన ఢిల్లీ తన మాటను ఒక్క రోజులో సరిదిద్దుకోవలసి వచ్చింది. 2002లో రద్దయిన ప్రతినిధుల సభను 24వ తేదీ అర్ధరాత్రి వేళ రాజు పునరుద్ధరించారు.

ఆ తర్వాత జరిగినదాన్ని తక్కువచేసి చూడటం అన్యాయం. మే 18న సభ చేసిన ప్రకటనతో, రాజు బిరుదుతో సాగిన ‘శ్రీ 5 సర్కారు’ నేపాల్ ప్రభుత్వమైంది, శాహీ (రాజ) సైన్యం నేపాలీ సైన్యమైంది, దేశం లౌకిక రాజ్యమైంది. రాజు శ్రేయస్సును కోరే జాతీయ గీతం స్థానంలో, వందల పూలు కలిసి ఒకే మాలగా మారిన జాతి గురించి పాడే గీతం వచ్చింది. 2007లో వెలువడిన కొత్త 500 రూపాయల నోటు మీద రాజు బొమ్మ ఉండవలసిన చోట ఎవరెస్టు శిఖరం నిలిచింది. అయితే నోటు కాగితం పాతది. నీడగుర్తులో రాజు ముఖం అప్పటికే ఉండటంతో, దానిపై లాలీగురాస్ పువ్వును అచ్చువేశారు. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే పువ్వు వెనుక ఆ ముఖం కనిపించేది. 2008 మే 28న రాజ్యాంగ సభ 560–4 ఓట్లతో రాచరికాన్ని రద్దు చేసింది. జూన్ 11న జ్ఞానేంద్ర విలేకరులతో మాట్లాడి, కిరీటం అప్పగించి, సామాన్య పౌరుడిగా ప్రాసాదం వీడారు. ఆయనను ఎవరూ ఉరితీయలేదు, దేశం నుంచి తరమలేదు. 240 ఏళ్ల రాజవంశాన్ని ఓటుతో సాగనంపిన ఆ నిగ్రహం నేపాలీల ఘనత, దాన్ని ఎవరూ వారి నుంచి లాక్కోలేరు.

ఆ రాజ్యాంగ సభలో మూడింట ఒక వంతు మహిళలే. 2017లో, రెండు దశాబ్దాల తర్వాత జరిగిన స్థానిక ఎన్నికల్లో, ప్రతి వార్డులో ఒక దళిత మహిళ ఉండాలన్న నిబంధన వల్ల ఆరు వేలకు పైగా దళిత మహిళలు ప్రజాప్రతినిధులయ్యారు. ఊరి బావి దగ్గర దూరంగా నిలబడమన్నవారి ఎదుటే కుర్చీలో కూర్చొని ఊరి లెక్కలు అడగడం రాజు కాలంలో ఊహకైనా అందేది కాదు. కానీ అదే గణతంత్రం 2015లో రాసుకున్న రాజ్యాంగంలో, బిడ్డకు పౌరసత్వం ఇవ్వడంలో తల్లిని తండ్రితో సమానంగా చూడలేదు. తరాయి మైదానాల మధేశీలు తమ వాటా కోసం 2007 నుంచీ ప్రాణాలు ఒడ్డుతూనే ఉన్నారు. ఆ అసంతృప్తి వేళ, 2015లో, భారత సరిహద్దులో సరకులు నెలల తరబడి ఆగిపోయి, భూకంపంతో కుదేలైన దేశం వంటగ్యాసుకూ మందులకూ అల్లాడింది. నేపాలీల గుండెల్లో భారత్ పట్ల ఏర్పడిన ఆ గాయాన్ని మన పాలకులు ఇప్పటికైనా చిన్నదిగా చూడరాదు.

అసలు వైఫల్యం నాయకులది. 2015 అక్టోబరు నుంచి 2025 సెప్టెంబరు వరకు ప్రధాని పీఠం ఓలి, మావోయిస్టు నేత ప్రచండ, దేవ్‌బా అనే ముగ్గురి మధ్యే తిరిగింది. నేడు శత్రువులు, రేపు మిత్రులు, ఎల్లుండి మళ్లీ శత్రువులు. ఊళ్లలో పని లేక లక్షలాది యువత గల్ఫ్‌కూ మలేసియాకూ వలసపోయింది. దేశ ఆదాయంలో దాదాపు నాలుగో వంతు వారు పంపే సొమ్మే. సెప్టెంబరులో రోడ్డెక్కిన పిల్లలకు రాజు గుర్తుకూడా లేడు, వారు అడిగింది రాజును కాదు. మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కార్కీ తాత్కాలిక ప్రధానిగా ప్రమాణం చేశారు, దేశ చరిత్రలో ఆ పదవి చేపట్టిన తొలి మహిళ ఆమే. ఓలి 2020 డిసెంబరులోనూ 2021 మేలోనూ సభను రద్దు చేసినప్పుడు రెండుసార్లూ సుప్రీంకోర్టు ఆ రద్దును కొట్టేసి సభను పునరుద్ధరించిందన్న సంగతి కూడా మరవరాదు. 2005లో రాజుకు ఎదురు చెప్పి, అప్పటికే రద్దయిన సభను మళ్లీ బతికించగల సంస్థ ఒక్కటీ లేదు, జనం నెత్తురు ధారపోయవలసి వచ్చింది. రెండు వ్యవస్థల మధ్య తేడా అదే.

అయినా తీరని బాకీ ఒకటుంది. పదేళ్ల అంతర్యుద్ధంలో వేలాది మంది చనిపోయారు; వెయ్యి మందికి పైగా ఆచూకీ లేకుండా పోయారు. కొందరిని సైన్యం తీసుకెళ్లింది, కొందరిని మావోయిస్టులు. 2006 నవంబరు 21న గిరిజా ప్రసాద్ కొయిరాలా, ప్రచండ సంతకాలు చేసిన శాంతి ఒప్పందంలో, అదృశ్యమైనవారి, చంపబడినవారి పేర్లను, ఇంటి చిరునామాలతో సహా, 60 రోజుల్లో ప్రకటిస్తామని రెండు పక్షాలూ రాసిచ్చాయి. 2007 జనవరి 20తో ఆ గడువు ముగిసింది. విచారణ సంఘాలు ఏర్పాటు కావడానికే 2015 వచ్చింది. వాటికి అరవై వేలకు పైగా ఫిర్యాదులు అందాయి, దోషులు మాత్రం తేలలేదు. ఒప్పందంపై సంతకం చేసిన రెండు పక్షాలూ అధికారంలోకి వస్తూ పోతూనే ఉన్నాయి గనుక ఎవరికీ తొందర లేకపోయింది. కాఠ్మాండూలో ఏ ప్రభుత్వం ఉన్నా మొదట తెరవవలసిన దస్త్రం ఇదే. భర్త ఫొటోను చేత్తో పట్టుకొని కార్యాలయాల చుట్టూ తిరిగే స్త్రీకి, ఆయన బతికున్నాడో లేదో, లేకుంటే ఎక్కడ పూడ్చారో, ఎవరు ఉత్తర్వు ఇచ్చారో రాతపూర్వకంగా చెప్పాలి.